వాసన తెలుస్తుందా

నాకు నోరు పెద్దదని మా ఆసుపత్రిలో అందరికీ తెలుసు. థియేటర్ సిస్టర్‌కు నోరు లేకపోతే అడిగిన కత్తెర చేతికి రాదు, కడిగిన ట్రే మీద మూత ఉండదు. కొత్తగా వచ్చిన డాక్టర్లకు మా సర్జన్ సారు నన్ను చూపించి, "ఆమె నోటికి భయపడకండి, చెయ్యి మంచిది" అని చెప్పేవారు. అది పొగడ్తో తిట్టో నేనెప్పుడూ అడగలేదు.

మాది హైవేకు దగ్గరగా ఉండే ప్రభుత్వ ఆసుపత్రి. ఒక దిక్కు పటాన్‌చెరు, బొల్లారం, కాజీపల్లి కంపెనీలు. ఇంకో దిక్కు సంగారెడ్డి దాకా పొలాలు, ఊళ్లు. మిషన్లో వేలు నలిగినవాళ్లు, ట్రాక్టర్ మీంచి పడ్డవాళ్లు, కాన్పుకు వచ్చినవాళ్లు, అందరూ మా దగ్గరికే వస్తారు. మా ఆయన బొల్లారంలో ఒక మందుల కంపెనీలో పనిచేస్తాడు. నాకు డ్యూటీలు, ఆయనకు షిఫ్టులు. ఒకరు చెప్పులు విడుస్తుంటే ఇంకొకరు తొడుక్కునే కాపురం మాది.

కరోనా వచ్చిన మొదటి ఏడాది మా థియేటర్ సగం మూతపడింది. హెర్నియాలు, పిత్తాశయంలో రాళ్లు, కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు, అంటే రేపు చేసినా నడిచేవన్నీ ఆపేశారు. ఇప్పుడు చేయకపోతే మనిషి దక్కడన్నవే మిగిలాయి. పని తగ్గితే సుఖంగా ఉంటుందనుకున్నాను కానీ ఉండలేదు. వచ్చేవాళ్లు అంతా ఆలస్యంగా వచ్చేవాళ్లు. ఆటోలు లేవు, బస్సులు లేవు. అంతకంటే ఎక్కువగా భయం. దవాఖానకు పోతే కరోనా అని రాస్తారట, ఎక్కడికో తీసుకుపోతారట, చచ్చిపోతే ముఖం కూడా చూపించరట. ఆ మాటలు ఊరూరా తిరిగేవి. ఒకరోజు నొప్పితో రావాల్సినవాళ్లు నొప్పి ముదిరి, చూపు తేలిపోతుంటే వచ్చేవాళ్లు. వాళ్లను చూస్తే నాకు ముందు కోపం వచ్చేది, తిట్టుకుంటూనే సెలైన్ ఎక్కించేదాన్ని.

గేటు లోపల ఒక షామియానా వేశారు. పెళ్లిళ్లు లేక టెంట్ హౌస్‌లో పడి ఉన్న షామియానా. పైన ఎర్రగుడ్డ, అంచులకు బంగారు రంగు కుచ్చులు. దాని కింద ఒక టేబుల్, ముసుగు వేసుకున్న చిన్న డాక్టరు. లోపలికి పోవాలంటే ఎవరైనా ముందు ఆయన అడిగినవాటికి జవాబు చెప్పాలి. జ్వరం ఉందా? దగ్గు ఉందా? వాసన తెలుస్తుందా? ఈ మూడోది కొత్తగా చేరింది. అనుమానం వస్తే మణికట్టుకు ఎర్ర పేలిక కట్టేవాళ్లు. ఎర్ర పేలిక ఉన్న మనిషిని వేరే గదిలో ఉంచి, గొంతులోంచి నమూనా తీసి సిటీకి పంపాలి. రిపోర్టు వచ్చేదాకా ఆపరేషన్ లేదు. ఆగలేని కేసైతే 108లో సిటీ పెద్దాసుపత్రికి పంపాలి. అక్కడికక్కడే తేల్చే చిన్న కిట్లు అప్పటికింకా మా దాకా రాలేదు.

ఈ పద్ధతి పెట్టినవాళ్లను నేను తిట్టను. మాకున్నది ఒకటే థియేటర్. కరోనా అనుమానం ఉన్న మనిషిని ఆ టేబుల్ ఎక్కిస్తే, తర్వాత అంతా కడిగి, మందు పొగ పెట్టి, మర్నాటి దాకా తలుపులు మూయాలి. ఒకసారి అలా మూసిన రోజే సిజేరియన్ చేయాల్సిన ఒకమ్మాయి వచ్చింది. సిటీకి పంపించాం. అక్కడినుంచి తల్లీబిడ్డా క్షేమమని ఫోన్ వచ్చేదాకా మాలో ఎవరికీ ముద్ద దిగలేదు.

అతను వచ్చింది ఒక ఉదయం పూట. ఒకే బైకు మీద ముగ్గురు. ముందు నడిపేవాడు పక్కింటతను. మధ్యలో అతను. వెనక అతన్ని నడుం చుట్టూ చేతులు వేసి పట్టుకున్న భార్య. కాజీపల్లి నుంచి అలాగే వచ్చారు. ముప్పై దాటి ఉంటాయి అతనికి. షామియానా కింద ఒళ్లు కాలిపోతోందన్నారు. దగ్గు లేదన్నాడు. వాసన తెలుస్తుందా అంటే తల అడ్డంగా ఊపాడు. ఇంకేముంది, ఎర్ర పేలిక కట్టి, నమూనా తీసుకుని, పాత ఓపీ పక్కగదిలో పడుకోబెట్టారు. భార్యను వరండా ముందు అడ్డంగా కట్టిన తాడుకు అవతలే ఆపారు.

ఆ రోజు నాది ఎమర్జెన్సీ డ్యూటీ కూడా. గదిలోకి తొంగి చూస్తే అతను మోకాళ్లు కడుపులోకి ముడుచుకుని పడుకున్నాడు. కదలడం లేదు. నొప్పితో పొర్లేవాళ్లను చూస్తే నాకంత భయం ఉండదు. కదలకుండా, గట్టిగా ఊపిరి కూడా తీసుకోకుండా పడుకున్నవాళ్లను చూస్తే భయం. పొట్ట మీద చెయ్యి వేశాను. చెక్కలా ఉంది.

"ఎప్పటిసంది నొప్పి?" అన్నాను.

"నిన్న పొద్దుమూకంగ సురువైంది సిస్టరమ్మా. కత్తితోని పొడిసినట్టు అయింది."

"నిన్ననే ఎందుకు రాలె?"

అతను కళ్లు మూసుకున్నాడు. "మల్ల ఇంటికి పంపియ్యరేమోనని."

నడుం నొప్పులకని చాలా రోజులుగా మెడికల్ షాపు గోలీలు మింగుతున్నాడట. పొద్దున డ్యూటీకి పోయేముందు ఉత్త కడుపున చాయ్, దాంతో ఒక గోలీ. కంపెనీల దారిలో ఇలాంటి కడుపులు మాకు కొత్త కాదు. సర్జన్ సారుకు ఫోన్ చేశాను. ఆయన వచ్చి ఒక్కసారి నొక్కి చూశారు, ఎక్స్‌రే తెప్పించి కిటికీ వెలుగుకు పెట్టి చూశారు. కడుపులో అల్సర్ పగిలి చిల్లు పడింది. లోపల ఉండాల్సినవన్నీ బయటికి కారుతున్నాయి. గంట గడిచేకొద్దీ ఒంటికి విషం ఎక్కుతుంది. ఇప్పుడు కుట్టాలి, లేకపోతే ఇతను సాయంత్రాన్ని చూడడు. ఇదంతా ఆయన నాకు చెప్పలేదు, చెప్పనక్కర్లేదు. ఆయన చూపు మణికట్టు మీది ఎర్ర పేలిక దగ్గర ఆగిపోయింది.

108కి ఫోన్ చేస్తే బండ్లన్నీ సిటీలోనే ఉన్నాయి, ఎప్పుడొస్తాయో చెప్పలేమన్నారు. మత్తు డాక్టర్ మేడం వచ్చారు. ఆమె ఎప్పుడూ నెమ్మదిగా మాట్లాడుతుంది, నాకు సరిగ్గా వ్యతిరేకం.

"లేబర్ రూములో ఒకామె ఉంది," అంది. "బిడ్డ తిరగలేదు. మధ్యాహ్నానికి సిజేరియన్ తప్పేలా లేదు. ఇతన్ని టేబుల్ ఎక్కిస్తే, ఆమెను నేనెక్కడ పడుకోబెట్టను?"

నేను అరిచాను. ఎవరి మీదో తెలియదు. మనకింత పెద్ద బిల్డింగు ఉందని, ఇంకో టేబుల్ వేయడానికి గది లేదా అని, మనిషి కళ్లముందు పోతుంటే చేతులు కట్టుకుని నిలబడదామా అని. మేడం నన్ను అరవనిచ్చింది. నేను ఆపాక, "గది ఉంది సిస్టర్, మత్తు మిషన్ ఒకటే ఉంది" అంది. అది నాకూ తెలుసు. రోజూ దాన్ని తుడిచేది నేనే.

సిటీకి పంపే ప్రయత్నంలో ఉన్నామని భార్యకు చెప్పడానికి బయటికి వచ్చాను. తాడుకు అవతల వేపచెట్టు నీడలో నిలబడి ఉంది. సన్నగా, పొట్టిగా ఉంది. పైట కొంగే ముక్కుకు, నోటికి చుట్టుకుంది.

"సిటీకి ఎందుకు? ఈడ డాక్టర్లు లేరా?" అంది.

"ఉన్నరు. మీ ఆయనకు కరోనా ఉన్నట్టు అనుమానం. అది తేలేదాక ఈడ ముట్టరు."

"కరోనా ఎందుకొస్తది? కంపెనీకి, ఇంటికి తప్ప యాడికి పోలె."

"వాసన వస్తలేదన్నడు గదమ్మా."

నేనేదో తెలివితక్కువ మాట అన్నట్టు ఆమె నన్ను చూసింది.

"వాసనా? అది ఇప్పటిదా సిస్టరమ్మా? మా చిన్నోడు పుట్టకముందే పాయె. వాడిప్పుడు బడికి పోతుండు. డ్రమ్ములల్ల సాల్వెంట్ కెమికల్ పోసేకాడ ఏసిండ్రు ఈయనను. మొదలు మొదలు ముక్కు మండుతుందన్నడు, తర్వాత మండుడు బందయింది, వాసన గూడ బందయింది. ఆడ పనిచేసేటోళ్లకు శానమందికి గంతే."

నేను తాడు ఎత్తాను. దాని కిందినుంచి ఆమెను ఇవతలికి లాగాను. సెక్యూరిటీ అతను ఏదో అనబోయి నా ముఖం చూసి ఊరుకున్నాడు. వరండాలో సారు ముందు ఆమెను నిలబెట్టి, "నాకు చెప్పింది సారుకు చెప్పు" అన్నాను.

ఆమె మొదలుపెట్టాక ఆగలేదు.

"మొన్న చలికాలం గ్యాస్ లీకయింది సార్. ఈయన ఇంట్లనే కూసున్నడు, టీవీ జూస్తుండు. నేను పక్కింటి నుంచి వస్తుంటే వాకిట్లకే వాసన కొట్టింది. ఉరికొచ్చి తలుపులన్ని తీసిన. ఏమైందే గట్ల ఉరుకుతున్నవు అంటడు. పాసిపోయిన అన్నం బెట్టినా తింటడు సార్. నేను వాసన జూసి టిఫిను కడితేనే తీస్కపోతడు. చిన్నోడు పుట్టినప్పుడు ఎత్తుకుని వాని తలకాయ కాడ ముక్కు బెట్టిండు. ఎట్లుంటదే వాసన, జెప్పు అని నన్ను అడిగిండు."

సర్జన్ సారు కళ్లు తుడుచుకోవడానికి చెయ్యి ఎత్తి, ముఖం ముట్టుకోకూడదని గుర్తొచ్చి దింపేశారు. లోపలికి వెళ్లి అతని మంచం పక్కన నిలబడ్డారు. నేనూ వెంట వెళ్లాను.

"వాసన పోయి చాలా ఏళ్లయిందట కదా. ఆ మాట బయట ఎందుకు చెప్పలేదు?" అన్నారు.

అతను నొప్పిని పళ్ల మధ్య పట్టుకుని చెప్పాడు. "తెలుస్తుందా అన్నడు సార్. తెల్వదన్న. ఎప్పటిసంది అని అడగలె."

షామియానా డాక్టరుదీ తప్పు కాదు. అతను వేరే జిల్లా నుంచి వచ్చిన పిల్లాడు. వాసన తెలియకపోవడం కరోనా గుర్తు అని అతనికి చెప్పారు, దేశమంతటికీ అదే చెప్పారు. ఆ ప్రశ్న రాసినవాళ్లు కాజీపల్లి వైపు ఎప్పుడూ వచ్చి ఉండరు.

సారు లెక్క కట్టుకున్నట్టు నెమ్మదిగా అన్నారు. "కడుపులో చీము పడితే జ్వరం రాకుండా ఉంటుందా? దగ్గు లేదు. ఆక్సిజన్ బాగుంది. ఛాతీ ఎక్స్‌రే శుభ్రంగా ఉంది. వాసన పాతది." సూపరింటెండెంట్‌కు ఫోన్ చేసి అదే చెప్పారు. అవతల ఆయన ఏమన్నారో వినపడలేదు కానీ సారు నా వైపు చెయ్యి చాపారు. కత్తెర ఇచ్చాను. ఎర్ర పేలిక కోసి చెత్తబుట్టలో వేశారు.

అప్పుడు అందరం మేడం వైపు చూశాం. కోసేది సారే అయినా, గొంతులో గొట్టం వేసేటప్పుడు రోగి ఊపిరి మొదట తగిలేది ఆమెకే. ఆమె ఇంట్లో డయాలసిస్ చేయించుకునే అత్తగారు ఉన్నారని మా అందరికీ తెలుసు. వీళ్ల మాట తప్పయితే ముందు దెబ్బతినేది ఆ ఇల్లే. ఆమె జుట్టును టోపీలోకి దోపుకుంది.

"పీపీఈ కిట్లు అందరూ వేసుకోండి," అంది. "ఇతన్ని జల్దీ తీసుకురండి. ఆమెకు నొప్పులు పెరిగేలోపు మనం బయటపడాలి."

ఆ మేడంను నేను అంతకుముందు గౌరవించేదాన్ని. ఆ రోజు నుంచి నాకు ఆమె అంటే ప్రేమ.

ఆ ప్లాస్టిక్ కిట్ల సంగతి వేసుకున్నవాళ్లకే తెలుసు. ఏసీ ఆపేయాలి. చెమట వీపు మీదుగా బూట్లలోకి కారేది. కళ్లద్దాలకు ఆవిరి పట్టి ఎదుటి మనిషి మసకగా కనిపించేవాడు. నా నోరు కూడా రెండు మాస్కుల వెనక పనికిరాకుండా పోయింది, సైగలతోనే నడిపాను. పొట్ట తెరిచారు. మామూలుగా అయితే ఇలాంటి కేసు తెరవగానే థియేటరంతా వాసన నిండిపోతుంది, కొత్త పిల్లలు బయటికి పరిగెత్తుతారు. ఆ రోజు నాకేమీ తెలియలేదు. కళ్లముందు పసుపుపచ్చని నీళ్లు పొంగుతున్నాయి, ముక్కుకు మాత్రం ఉత్త గాలి. ఇతని ప్రపంచం రోజూ ఇలాగే ఉంటుందా అనిపించి మనసు ఎలాగో అయింది.

చిల్లు చిన్నదే, శనగగింజంత. సారు దాన్ని పక్కనున్న కొవ్వు పొరతో మూసి కుట్టారు. సెలైన్ పోసి కడిగారు, మళ్లీ పోసి కడిగారు. మధ్యలో ఒకసారి బీపీ పడిపోయింది. మేడం చేతులు సీసాల మధ్య చకచకా కదిలాయి, ముఖం మాత్రం కదల్లేదు. కాసేపటికి నాడి నిలబడింది. గొట్టం తీశాక అతను దగ్గాడు. ఆ రోజుల్లో దగ్గు వినపడితే అందరం వెనక్కి జరిగేవాళ్లం. ఆ దగ్గుకు మాత్రం ఎవరం జరగలేదు.

టేబుల్ తుడిచి, గుడ్డలు మార్చి, మధ్యాహ్నం ఆ గర్భిణిని అదే థియేటర్‌లోకి తీసుకొచ్చాం. ఆడపిల్ల. లోకం మీద కేకలేస్తూ పుట్టింది. సారు నా వైపు చూసి నవ్వారు, నేను పట్టించుకోలేదు.

బయట అతని భార్య తాడు దగ్గరే కూర్చుని ఉంది. ఆపరేషన్ అయింది, మనిషి బాగున్నాడు అని చెప్పాను. ఆమె ఏడవలేదు. "ఇగ బతుకుతడా?" అని అడిగింది. బతుకుతాడని మళ్లీ చెప్పాను. పొద్దున్నుంచి ఏమైనా తిన్నావా అంటే తల ఊపింది, అబద్ధమని తెలుస్తూనే ఉంది. నా టిఫిను డబ్బా ఆమె చేతిలో పెట్టాను. మూత తీసి, అలవాటు కొద్దీ ముందు వాసన చూసి, అప్పుడు తిన్నది. సాయంత్రం అతను కాస్త తేరుకున్నాక నన్ను అడిగిన మొదటి మాట, "ఆమె తిన్నదా?" అని. తిన్నదని నిజమే చెప్పాను.

తర్వాత రిపోర్టు వచ్చింది. కరోనా లేదు. మేడం ఆ మాట విని కుర్చీలో వెనక్కి వాలి కళ్లు మూసుకుంది. అతను కుట్లు విప్పించుకుని, భార్య భుజం పట్టుకుని నడుచుకుంటూ వెళ్లాడు. డ్రమ్ముల దగ్గరి పనికి మళ్లీ పోవద్దని సారు గట్టిగా చెప్పారు. సరే సార్ అన్నాడు. పోయే ఉంటాడు.

షామియానా ప్రశ్నకు సారు ఒక మాట చేర్పించారు. వాసన తెలుస్తుందా, తెలియకపోతే ఎప్పటి నుంచి? థియేటర్‌లో పని లేని రోజుల్లో నన్ను కూడా ఆ టేబుల్ దగ్గర కూర్చోబెట్టేవాళ్లు. అప్పుడు విన్నాను. పొట్టకూటికి ఎక్కడెక్కడి నుంచో వచ్చి బొల్లారంలో రూములు తీసుకున్న పిల్లలు "బహుత్ దిన్ సే" అంటూ చాలా రోజులైందని చెప్పేవాళ్లు. మన ఊళ్లవాళ్లు, "కంపెనీల చేరినంక పోయింది మేడం, ఏం గాదు" అనేవాళ్లు. ఒక పెద్దాయన నవ్వాడు. "ముక్కుతోని ఏం పని? చేతులుంటే సాలు గద" అన్నాడు. ఎవరూ దాన్ని ఒక జబ్బులా చెప్పలేదు. అడిగేదాకా ఎవరూ చెప్పనేలేదు. నేను వాళ్లు చెప్పినదానికల్లా తల ఊపుతూ కూర్చునేదాన్ని, ఇంటికొచ్చాక ఎవరి మీద అరవాలో తెలిసేది కాదు.

అలాంటి ఒక సాయంత్రం ఇంటికొచ్చాను. పిల్లలను అప్పటికే మా అమ్మ దగ్గరికి పంపేశాం. నేను ముందుగదిలో, ఆయన లోపలిగదిలో పడుకునేవాళ్లం. పొద్దుటి షిఫ్టు దిగి వచ్చి వంట ఆయనే చేసేవాడు. ఆ రోజు సందు మలుపులోనే మాడు వాసన తగిలింది. ఎవరింట్లోనో పప్పు మాడుతోంది, ఇల్లాలు ఎక్కడ కబుర్లలో పడిందో అనుకుంటూ వచ్చాను. మా ఇంటి మెట్లు ఎక్కేసరికి వాసన గొంతులో కొట్టింది. తలుపు తెరిచే ఉంది. ఆయన పొయ్యి పక్కనే నిలబడి తీరిగ్గా ఉల్లిగడ్డలు కోస్తున్నాడు. గిన్నెలో పప్పు నల్లగా మాడిపోతోంది.

"వచ్చినవా? పప్పు అయిపోవచ్చింది. నీళ్లు తోడి పెట్టిన, తానం జెయ్యి," అన్నాడు.

నేను గడప దాటలేదు. రోజంతా అడిగిన మాటే నోట్లోంచి వచ్చింది. "వాసన తెలుస్తుందా?"

"నీ షామియానా ప్రశ్నలు నాకెందుకే," అని నవ్వాడు. నేను నవ్వలేదు. అప్పుడు గిన్నెలోకి చూశాడు. కత్తి కింద పెట్టి పొయ్యి ఆపేశాడు.

"ఎప్పటిసంది?" అన్నాను.

మాడిన గిన్నె దించి పక్కన పెట్టాడు. "పెద్దది పుట్టిన ఏడు. మందులు ఉడికించే రియాక్టర్ కాడ ఏసిండ్రు గద అప్పుడు."

"నాకెందుకు చెప్పలె?"

"చెప్తే నువ్వు ఊకుంటవా? కంపెనీ గేటు కాడికొచ్చి లొల్లి పెడ్తవు. నౌకరి పోతుండె."

అది నిజం. పెట్టేదాన్నే. కానీ నా బుర్రలో తిరుగుతున్నది అది కాదు. ఇన్నేళ్లుగా ఏ షిఫ్టు దిగి వచ్చినా, చెప్పులు విడవకముందే దర్వాజా దగ్గర ఆగి ఒకసారి గాలి పీల్చి, "ఏం వండినవే, సందు దాక వస్తుంది వాసన" అనేవాడు. పచ్చిపులుసు చేసినా అనేవాడు, చింతచిగురు వేసి మటన్ వండినా అనేవాడు. నేను పైకి విసుక్కునేదాన్ని. లోపల నాకెంత గర్వంగా ఉండేదో. మా ఆసుపత్రిలో కూడా చెప్పుకున్నాను, నా వంట మా సందు దాకా తెలుస్తుందని.

"మరి దినాం వచ్చుడుతోనే వాసన వాసన అంటుంటివి గద," అన్నాను.

ఆయన గిన్నె వైపే చూస్తూ చెప్పాడు. "నేనొచ్చుడుతోనే నువ్వు పొయ్యికాడి నుంచి నా మొకం దిక్కు జూస్తుంటివి. ఏమనాలె మరి?"

అరవడానికి నోరు తెరిచాను, ఏడుపు వచ్చింది. అక్కడే గడప మీద కూలబడ్డాను. ఆసుపత్రి బట్టల్లో ఉన్నాను, ఇంకా స్నానం చేయలేదు, దగ్గరికి రావద్దని చేత్తో సైగ చేశాను. ఆయన వచ్చి నా పక్కన కూర్చున్నాడు.